రానుపోను లెక్కలో గాలి వాటా

పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో పొద్దున పదింటికి విమానం బయల్దేరితే, ఫిన్లాండ్ రాజధాని హెల్సింకిలో దిగేసరికి అక్కడి గడియారంలో సాయంత్రం సుమారు నాలుగున్నర అవుతుంది. హెల్సింకిలో అదే పదింటికి బయల్దేరితే మాత్రం మధ్యాహ్నం ఒంటిగంటకల్లా లిస్బన్‌లో ఉంటాం. "పోవడానికి ఆరున్నర గంటలు, రావడానికి మూడేనా?" అని ఒక పాఠకుడు అడిగారు. రెండు ఊళ్ల గడియారాలకూ రెండు గంటల తేడా ఉంది. అది తీసేస్తే పోను నాలుగున్నర, రాను ఐదు. నన్ను పట్టుకుంది ఆ మిగిలిన అరగంట.

భూమి తూర్పుకు తిరగడం వల్లే ఇదంతా అని చాలామంది చెబుతారు. అదే నిజమైతే పడమరకు వచ్చే విమానానికి లిస్బనే ఎదురు రావాలి, తిరుగు ప్రయాణమే త్వరగా అయిపోవాలి. జరిగేది దానికి తలకిందులు! గాలి కూడా భూమితోపాటే తిరుగుతుంది, విమానం ఆ గాలిలోనే ఎగురుతుంది.

అలాగని భూభ్రమణానికి సంబంధమే లేదనలేం. లిస్బన్ దగ్గర నేల గంటకు 1,300 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు కదులుతుంటే, హెల్సింకి దగ్గర ఆ వేగం 830 మాత్రమే. దక్షిణం నుంచి ఉత్తరానికి జరిగే వెచ్చని గాలి తన తూర్పు వేగాన్ని వెంట తెచ్చుకుంటుంది కాబట్టి నేలను దాటి ముందుకు దూసుకుపోతుంది. విమానాలు ఎగిరే ఎత్తులో, పది కిలోమీటర్ల పైచిలుకున, ఇదే జెట్ స్ట్రీమ్. చలికాలంలో దీని జోరు ఎక్కువ. 1920ల్లో జపాన్ శాస్త్రవేత్త వాసబురో ఓయిషి బెలూన్లు వదిలి ఈ గాలుల్ని కొలిచాడు. ప్రపంచమంతా చదవాలని అన్ని దేశాలవాళ్లకూ ఉమ్మడిగా ఉండాలని తయారుచేసిన ఎస్పెరాంతో భాషలో రాశాడు, పాపం, దాదాపు ఎవరూ పట్టించుకోలేదు.

"పోయేటప్పుడు కలిసొచ్చింది, వచ్చేటప్పుడు పోయింది, చెల్లుకు చెల్లు" అనిపిస్తుంది కదా? చెల్లదు. దూరం 3,360 కిలోమీటర్లు, విమాన వేగం గంటకు 800 అనుకుందాం. గాలి లేకపోతే రానుపోను 8 గంటల 24 నిమిషాలు. 100 కిలోమీటర్ల గాలి ఉంటే పోను 900 వేగంతో 3 గంటల 44 నిమిషాలు, రాను 700 వేగంతో 4 గంటల 48. మొత్తం 8 గంటల 32. ఎనిమిది నిమిషాలు నష్టం! ఎందుకంటే సాయం చేసే గాలిలో మనం తక్కువసేపు ఉంటాం, అడ్డుపడే గాలిలో ఎక్కువసేపు. గాలి 160 అయితే నష్టం 21 నిమిషాలు. పోటీ పరీక్షల పిల్లలు 'పడవలు–ప్రవాహాలు' పేరుతో బట్టీ పట్టే సూత్రం ఇదే. ఈ 'ఎందుకు' చెప్పే కోచింగ్ సెంటర్ ఒక్కటైనా ఉంటే బాగుండు.

ఇంకో మెలిక. గోళం మీద అతి దగ్గరి దారిలో లిస్బన్ నుంచి బయల్దేరిన విమానం ముక్కు ఉత్తరం నుంచి 33 డిగ్రీలు తూర్పుకు ఉంటుంది, హెల్సింకి చేరేసరికి 60 డిగ్రీలకు తిరుగుతుంది. దాంతో ఒకే పడమటి గాలి మొదట్లో సగం బలంతోనే వెనక నుంచి తోస్తుంది, చివర్లో 87 శాతం బలంతో. వచ్చేటప్పుడు అంతే బలంతో ఎదురు నిలుస్తుంది. అందుకే విమాన సంస్థలు రోజూ గాలుల అంచనా చూసి దారి వేస్తాయి. వచ్చే దారి 100 కిలోమీటర్లు పెరిగినా, ఎదురుగాలి 100 నుంచి 60కి తగ్గితే, విమానం ఏడు నిమిషాలు ముందే దిగుతుంది.