మడ అడవి వెనక్కి జరగాలంటే చోటేది?

మన దేశంలో వన్యప్రాణుల రక్షణ మొదటినుంచీ హద్దుల లెక్కే. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, మరుసటి ఏడాది ప్రాజెక్ట్ టైగర్ మొదలైంది. ఇదిగో ఇంతవరకు అడవి, అటు పక్క ఊరు. వేటగాళ్లను, కలప దొంగలను ఆపడానికి ఈ పద్ధతి బాగానే పనికొచ్చింది. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవులకు కూడా 1978లో అలాగే అభయారణ్యం హద్దులు పడ్డాయి, సుమారు 235 చదరపు కిలోమీటర్లకు. సముద్రం పైకొస్తే ఆ హద్దు లోపలి బావురు పిల్లులు, నీటికుక్కలు ఎటు పోవాలన్న ప్రశ్న అప్పట్లో లేదు.

తొలి జాతీయ వన్యప్రాణి కార్యాచరణ ప్రణాళిక 1983లో, రెండోది 2002లో వచ్చాయి. 2008లో మన్మోహన్ సింగ్ ప్రభుత్వం వాతావరణ మార్పులపై ఎనిమిది మిషన్లు ప్రకటించింది. వాటిలో అడవులకు దక్కింది గ్రీన్ ఇండియా మిషన్. 50 లక్షల హెక్టార్లలో కొత్తగా పచ్చదనం, ఇంకో 50 లక్షల హెక్టార్లలో ఉన్న అడవిని బాగుచేయడం దాని లక్ష్యం. అంటే మళ్లీ హెక్టార్ల లెక్కే.

అసలు మలుపు 2017 అక్టోబరులో విడుదలైన మూడో వన్యప్రాణి ప్రణాళిక. 2031 వరకు నడిచే ఈ ప్రణాళికే మొదటిసారి వాతావరణ మార్పును వన్యప్రాణి సంరక్షణలో నేరుగా చేర్చింది. తమంతట తాము తరలిపోలేని జీవాలను మనమే తరలించడం, రేపు ఏ ఎత్తులో బతకగలవో చూసి అక్కడ ముందే మొక్కలు నాటడం లాంటి ఆలోచనలు కూడా అందులో ఉన్నాయి. 103 పనులు, 250 ప్రాజెక్టులు రాసుకున్నారు. నేల మీద మాత్రం ఎండాకాలం వస్తే నల్లమలలో అటవీ సిబ్బంది ట్యాంకర్లతో సాసర్ పిట్లు, అంటే జంతువులు నీళ్లు తాగే పళ్లెం లాంటి గుంటలు, నింపుతుంటారు. దప్పిక తీరాలి కదా, అది చేయాల్సిందే. కానీ ఏటా నీళ్లు మోయడాన్ని వాతావరణ మార్పుకు తట్టుకునే ఏర్పాటు అనలేం.

మళ్లీ మడ దగ్గరికి వద్దాం. సముద్రమట్టం పెరిగితే మడ అడవికి రెండే దారులు. ఒండ్రు పట్టుకుని తన నేలను తానే పెంచుకోవాలి, లేదంటే సముద్రం నుంచి లోపలి నేలవైపు జరగాలి. ఎగువన కట్టిన ఆనకట్టల వల్ల గోదావరి డెల్టాకు దిగే ఒండ్రు బాగా తగ్గిపోయింది. ఇక వెనక్కి జరుగుదామంటే అక్కడ రొయ్యల చెరువుల గట్లు అడ్డం.

ఈ చిక్కు 1996లోనే బయటపడింది. ఆ నవంబరు 6న తుపాను గోదావరి జిల్లాల తీరాన్ని ఊడ్చేసింది. మడ అడ్డున్న ఊళ్లకు దెబ్బ కాస్త తగ్గిందని అక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర నియంత్రణ జోన్‌లోని, అంటే తీరం వెంబడి కట్టడాలకు, పనులకు ఆంక్షలున్న మేరలోని, రొయ్యల చెరువులు తీసేయాలని తీర్పు ఇచ్చింది. 2005లో పార్లమెంటు తీర ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం తెచ్చి ఆ తీర్పు పదును తీసేసింది.

ఇంతలో స్వామినాథన్ పరిశోధన ఫౌండేషన్, అటవీ శాఖ కలిసి గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఉప్పు పేరుకుపోయిన మడ నేలల్లో పని మొదలుపెట్టాయి. చేప ముల్లులా ఒక పెద్ద కాలువ తవ్వి, అటూ ఇటూ ఏటవాలుగా పిల్ల కాలువలు తీశారు. పోటుకు నీరు లోపలికొచ్చి, ఆటుకు ఉప్పును కడుక్కుని పోతుంది. తెల్లమడ మొక్కలను కాలువ అడుగున కాదు, గట్టు మీదా కాదు, పోటు నీరు తాకే వాలు మీద నాటారు. నీటి దారి తెరిచి అడవిని బతికించడమన్నమాట. విధానాల్లో నాకు నచ్చింది ఇదొక్కటే. ఊరివాళ్లను కమిటీలుగా చేర్చుకుని చేశారు కూడా.

2023లో విచిత్రం జరిగింది. జూన్ 5న కేంద్రం మిష్టీ పథకం ప్రారంభించింది. ఐదేళ్లలో దేశమంతా 540 చదరపు కిలోమీటర్ల మడ పెంపకం లక్ష్యం. రెండు నెలలు దాటగానే, ఆగస్టులో పార్లమెంటు 2005 నాటి చట్టాన్ని సవరించి, తీర నియంత్రణ జోన్‌లో ఆక్వా సాగుకు అనుమతి ఉన్నట్టేనని ఖాయం చేసింది. మడను నరికి చెరువు తవ్వమని ఆ చట్టం అనలేదు, నిజమే. కానీ మడ రేపు జరగాల్సిన నేల సంగతి రెండింటిలోనూ కనబడదు. తీర నిబంధనల ప్రకారం 1000 చదరపు మీటర్లు దాటిన మడకు చుట్టూ 50 మీటర్ల బఫర్, అంటే రక్షణగా వదిలే నేల, ఉంది. బల్లపరుపు డెల్టాలో ఆ 50 మీటర్లు ఏ మూలకు?

మిష్టీకి డబ్బు ఉపాధి హామీ, కాంపా (అటవీ భూమిని వేరే పనులకు ఇచ్చినప్పుడు వసూలు చేసే పరిహార నిధి) లాంటి నిధులు కలిపి తెచ్చుకోవాలి. ఆ డబ్బుతో కాలువలు తవ్వించవచ్చు, మొక్కలు నాటించవచ్చు. పట్టా చెరువును మడకు వదలమని రైతును అడగాలంటే మాత్రం పరిహారం కావాలి. 1990ల నడుమ రొయ్యలకు వైట్ స్పాట్ రోగం వచ్చి ఎందరో చెరువులు వదిలేసుకున్నారు. అలాంటి పాడుబడ్డ చెరువులు ఇప్పటికీ ఎక్కడున్నాయో సర్వే చేసి, యజమానికి ధర కట్టి, సముద్రం వైపు గట్టుకు గండి కొడితే పోటు నీరు తనంతట తానే లోపలికొస్తుంది. మూడో ప్రణాళిక గడువు ఇంకా ఉంది, మొదలుపెట్టడానికి అవే సులువైన చోట్లు.