పాత ఆంప్లిఫయర్ బాగుచేయించే ముందు: కొన్ని అపోహలు, వాస్తవాలు

అపోహ: సౌండు డల్ అయితే కండెన్సర్లన్నీ మార్చేయాలి.

చెన్నైలో నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది చెప్పే మొదటి మాట ఇదే. టీ నగర్ నుంచి ఓ పెద్దాయన సాన్సుయి ఆంప్లిఫయర్ తెచ్చి, "బాబూ, లోపల అన్నీ కొత్తవి వేసెయ్" అన్నారు. పోయింది ఒక్క రిలే, అంటే స్పీకర్లను ఆంప్‌కు కలిపే స్విచ్.

ఎండిపోయేవి ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్లు. పవర్ సప్లైలోని పెద్దవి నీరసిస్తే రెండు చానళ్లలోనూ హమ్ (గుయ్‌మనే శబ్దం) వస్తుంది. పాలిస్టర్ కండెన్సర్లు మాత్రం నలభై ఏళ్లయినా సాధారణంగా బాగానే ఉంటాయి. ఊరికే పీకితే పాత బోర్డు మీది ట్రాకులు (రాగి గీతలు) లేచిపోతాయి. ఈ ఊళ్లో నేను ముందు అనుమానించేది తేమను, ఉప్పుగాలిని. స్విచ్చుల్లో, స్పీకర్ రిలే కాంటాక్టుల మీద పొర కడుతుంది. ఒక చానల్ సన్నగా పలుకుతూ, వాల్యూమ్ పెంచగానే టక్కున మామూలైతే రిలేనే ముందు చూడాలి. గరుకు కాగితంతో గీకితే కాంటాక్టు మీది పూత పోతుంది. కొత్తది వేయడమే మేలు.

అపోహ: వాల్యూమ్ గరగరకు డబ్ల్యూడీ-40 స్ప్రే చాలు.

నాలుగు రోజులు బాగుంటుంది. తర్వాత ఆ జిడ్డుకే దుమ్ము పడుతుంది. ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్‌లో కాంటాక్ట్ క్లీనర్ అడగండి. ప్లగ్గు తీసి, కంట్రోల్ సందులోకి కొంచెం కొట్టి, నాబ్‌ను అటూ ఇటూ బాగా తిప్పితే సరి.

అపోహ: ట్రాన్సిస్టర్ నంబరు కలిస్తే చాలు.

పాత జపాన్ నంబర్లు చాలావరకు తయారీలో లేవు. ఆ పేర్లతో నకిలీలు మాత్రం బోలెడు. నమ్మకమైన డీలర్ దగ్గర సరిపోయే కొత్త నంబరు తీసుకోవడం నయం. కొత్తవి వేశాక మెయిన్స్‌కు 100 వాట్ల ఫిలమెంట్ బల్బు (ఎల్ఈడీ కాదు) సీరీస్‌లో పెట్టే స్విచ్ వేయాలి. బల్బు వెలిగి తగ్గితే సరే. గట్టిగా వెలుగుతూనే ఉంటే లోపల ఇంకా షార్ట్ ఉన్నట్టే. ఆ తర్వాత బయాస్, అంటే పాట లేనప్పుడూ ట్రాన్సిస్టర్లలో పారే కరెంటు: 0.22 ఓముల ఎమిటర్ రెసిస్టర్ మీద 10 మిల్లీవోల్టులు కనిపిస్తే సుమారు 45 మిల్లీఆంపియర్లు. ఎంత ఉండాలన్నది సర్వీస్ మాన్యువల్ చెబుతుంది, చెవి కాదు. స్పీకర్ టెర్మినళ్ల దగ్గర డీసీ వోల్టేజీ (ఉంటే స్పీకర్ కాలిపోవచ్చు) ఉందేమో చూడకుండా స్పీకర్లు తగిలించేవాళ్లంటే నాకు భయం.

అపోహ: జపాన్ సెట్టుకు 110 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ సరిపోతుంది.

అక్కడి సప్లై 100 వోల్టులు. పది శాతం ఎక్కువిస్తే సెట్టు అనవసరంగా వేడెక్కుతుంది.

అపోహ: బేస్ తగ్గితే తప్పు ఆంప్‌దే.

ఒక స్పీకర్‌కు ఎరుపు, నలుపు వైర్లు తారుమారైనా బేస్ మాయమవుతుంది. కోన్ చుట్టూ ఫోమ్ పొడిపొడిగా రాలిపోతున్నా అంతే. ఈ రెండూ ఇంట్లోనే చూసుకుని, ఆ తర్వాత సెట్టు మోసుకురండి.