గుల్‌మార్గ్ గండోలా: "అక్కడికెళ్ళి చూసుకుందాం" అనుకునేవాళ్ళ కోసం

మొన్న ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకి శ్రీనగర్ నుంచి ఒక ఫోన్. మా గ్రూప్‌లో వాళ్ళు కాదు, ఎవరో తెలిసినవాళ్ళ దగ్గర నా నంబర్ తీసుకున్నారు. "అండీ, రేపు పొద్దున్నే గుల్‌మార్గ్ వెళ్తున్నాం. ఫేజ్ టూ టికెట్లు ఐదు కావాలి. ఎంతైనా పర్లేదు, ఎలాగైనా ఇప్పించండి." వెనక నుంచి ఒక చిన్నపిల్ల "మంచు చూస్తామా నాన్నా?" అని అడగడం వినిపిస్తోంది. లేవు అని చెప్పడానికి నోరు రాలేదు. కానీ చెప్పక తప్పలేదు.

పదకొండేళ్ళుగా తెలుగువాళ్ళ గ్రూపుల్ని కాశ్మీర్ తీసుకెళ్తున్నాను. అక్కడి గుల్‌మార్గ్‌లో కొండ మీదకి ఎక్కే కేబుల్ కార్‌నే గండోలా అంటారు. దాని గురించి నేను విన్న అపోహలన్నీ రాస్తే చాలా అవుతాయి. వాటిలో ఒక్కటి మాత్రం ప్రతి సీజన్‌లోనూ జనం డబ్బునీ, రోజునీ, పిల్లల సంతోషాన్నీ తినేస్తోంది. ముందు దాని సంగతి.

అపోహ: టికెట్లు అక్కడికి వెళ్ళాక కౌంటర్‌లో తీసుకోవచ్చు. దొరక్కపోతే డ్రైవరో గైడో చూస్తాడు.

ఇది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. మనకి అలవాటైన రోప్‌వేలు విశాఖలో కైలాసగిరి, శ్రీశైలంలో పాతాళగంగ. అక్కడ లైన్లో నిలబడితే టికెట్ ఇస్తారు, ఎక్కుతాం. దానికి తోడు ఏడెనిమిదేళ్ళ కిందట గుల్‌మార్గ్ వెళ్ళొచ్చిన బంధువు ఒకాయన ఉంటాడు. "మేం కౌంటర్లోనే తీసుకున్నాంగా, ఏం భయం లేదు" అంటాడు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. అప్పుడు అలాగే ఉండేది. ఇప్పుడు లేదు.

ఇప్పుడు గండోలా టికెట్లు ఆన్‌లైన్‌లోనే. దాన్ని నడిపేది జమ్మూ కాశ్మీర్ కేబుల్ కార్ కార్పొరేషన్ అనే ప్రభుత్వ సంస్థ. వాళ్ళ సొంత వెబ్‌సైట్‌లోనే బుక్ చేసుకోవాలి. ఎక్కేవాళ్ళ పేర్లు, గుర్తింపు కార్డు వివరాలు ఇవ్వాలి. ఫేజ్ వన్ టికెట్ వేరు, ఫేజ్ టూ వేరు. ఫేజ్ వన్ గుల్‌మార్గ్ నుంచి కొంగ్‌దూరి దాకా. ఫేజ్ టూ కొంగ్‌దూరి నుంచి అఫర్వత్ దాకా. పైదానికి సీట్లు తక్కువ, అడిగేవాళ్ళు ఎక్కువ. అందుకే అది ముందు అయిపోతుంది. మన వేసవి సెలవుల్లో, క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా ఉండే వారాల్లో చివరి నిమిషంలో దొరుకుతుందన్న ఆశ పెట్టుకోకండి.

మనవాళ్ళు చేసే పని ఏంటంటే ముందు ఫ్లైట్, తర్వాత హోటల్, తర్వాత హౌస్‌బోట్, తర్వాత కారు. గండోలా చివర్న. ఇది తలకిందులు కావాలి. మీ తేదీలకి గండోలా బుకింగ్ తెరిచి ఉందో లేదో ఫ్లైట్ కొనేముందే చూడండి. తెరిచి ఉంటే అదే రోజు టికెట్లు తీసుకోండి. టికెట్ ఏ రోజుకి దొరికితే గుల్‌మార్గ్ ఆ రోజు. పహల్గామ్, సోన్‌మార్గ్ ఏ రోజైనా వెళ్ళొచ్చు, వాటిని అటూ ఇటూ జరుపుకోండి.

"అక్కడే ఫోన్లో బుక్ చేస్తాం" అనేవాళ్ళకి ఇంకో మాట. మన ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూ కాశ్మీర్‌లో పనిచేయవు. పోస్ట్‌పెయిడ్ అయితేనే సిగ్నల్. హోటల్ వైఫై పట్టుకుని వెబ్‌సైట్ తెరిచినా డబ్బు కట్టేటప్పుడు బ్యాంక్ ఓటీపీ ఆ చచ్చిన సిమ్‌కే వెళ్తుంది. రిసెప్షన్ దగ్గర ఫోన్ పైకెత్తి, కిందికి దించి, స్విచ్ ఆఫ్ చేసి ఆన్ చేసి తంటాలు పడే నాన్నల్ని ఎంతమందిని చూశానో. బుకింగ్ ఇంట్లో కూర్చునే చేయాలి. టికెట్ ప్రింట్ తీసి, ఆధార్ కార్డుతో కలిపి బ్యాగ్‌లో పెట్టుకోవాలి.

ఇక "ఎలాగైనా చూస్తాడు" అన్న మాట. ఒక మే నెలలో గోదావరి జిల్లా నుంచి వచ్చిన కుటుంబాన్ని కేబుల్ స్టేషన్ గేటు దగ్గర చూశాను. ఆరుగురు. పార్కింగ్‌లో ఎవడో ప్రింట్ కాగితాలు చూపించి, ఫేజ్ వన్, ఫేజ్ టూ రెండూ అని చెప్పి పద్దెనిమిది వేలు తీసుకున్నాడు. గేటు దగ్గర ఆధార్ అడిగారు. టికెట్ మీద ఉన్నవి ఎవరో పంజాబ్ వాళ్ళ పేర్లు. వెనక్కి పంపేశారు. అమ్మినవాడి ఫోన్ స్విచ్ ఆఫ్. ఆ ఇంటి పెద్దాయన రిటైర్డ్ టీచర్, మఫ్లర్ తలకి చుట్టుకుని బెంచీ మీద కూర్చున్నారు. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచి అలాగే కూర్చున్నారు. "నేనే తొందరపడ్డాను బాబూ" అన్నారు నాతో. ఆయన తప్పేం లేదు. మనవరాలికి మంచు చూపిస్తానని మాటిచ్చారు, అంతే. ఆ ఆత్రాన్నే వాడు అమ్ముకున్నాడు.

కాబట్టి టికెట్ దొరక్కపోతే బ్లాక్‌లో కొనకండి. మీ పేరు లేని టికెట్ మీది కాదు. వేరేవాళ్ళ ఫేజ్ వన్ టికెట్ పట్టుకుని "పైన ఫేజ్ టూ ఇప్పిస్తా" అనేవాడినీ నమ్మకండి.

ఇదే పార్కింగ్‌లో పుట్టిన ఇంకో పుకారు, గైడ్ లేకపోతే లోపలికి పంపరని. పంపుతారు. గైడ్ తప్పనిసరి కాదు. అక్కడ రిజిస్టర్ అయిన గైడ్లు ఉన్నారు, చాలామంది మంచివాళ్ళు, పెద్దవాళ్ళు వెంట ఉంటే ఒకరిని పెట్టుకోవడం మంచిదే. కార్డు చూసి, రేటు ముందే మాట్లాడుకుని పెట్టుకోండి. భయపెడితే పెట్టుకోకండి. కేబుల్ స్టేషన్ పార్కింగ్ నుంచి కిలోమీటరు అటూ ఇటూ ఉంటుంది. నడవగలిగినవాళ్ళకి గుర్రం అక్కర్లేదు.

అపోహ: ఎండ కాస్తోంది, టికెట్ ఉంది, ఇంకేం, పైకి పంపాల్సిందే.

గండోలాని ఆపేది ఎక్కువగా వర్షమో మంచో కాదు, గాలి. గుల్‌మార్గ్ గిన్నెలాంటి మైదానం, చుట్టూ దట్టమైన చెట్లు. కింద మీకు చున్నీ కూడా కదలదు. అఫర్వత్ దగ్గర చెట్టన్నది ఉండదు, అడ్డూ ఉండదు. కింద నీలాకాశం చూసి "కావాలనే ఆపారు" అని సిబ్బంది మీద అరిచేవాళ్ళని చూస్తే నాకు కోపం వస్తుంది. 2017 జూన్‌లో ఇక్కడే పెనుగాలికి చెట్టు విరిగి కేబుల్ మీద పడింది. ఏడుగురు చనిపోయారు. గాలి ఉందని ఆపితే దండం పెట్టి వెనక్కి రండి.

వాతావరణం బాగోలేక వాళ్ళే ఫేజ్ టూ ఆపేస్తే దాని డబ్బు వెనక్కి ఇస్తారు. మీరు ఆలస్యంగా వచ్చి మీ టికెట్‌కి ఇచ్చిన టైమ్ (స్లాట్) పోగొట్టుకుంటే అది వేరే సంగతి. శ్రీనగర్ నుంచి గుల్‌మార్గ్ 50 కిలోమీటర్లే అయినా సీజన్‌లో దారిలో టంగ్‌మార్గ్ అనే ఊరు దాటాక బండ్లు బారులు తీరతాయి. మంచు ఎక్కువగా పడ్డ రోజుల్లో టంగ్‌మార్గ్‌లో బండి మార్చి, టైర్లకి గొలుసులు కట్టినదో ఫోర్ బై ఫోరో ఎక్కాల్సి రావచ్చు. అందుకే ఉదయం స్లాట్ తీసుకుని, ఏడింటికల్లా శ్రీనగర్‌లో బయల్దేరండి. మధ్యాహ్నం అయ్యేసరికి కొండల మీదకి మబ్బు వచ్చేస్తుంది, ఉదయమే చూపు దూరం పోతుంది. గుల్‌మార్గ్‌ని తిరుగు ప్రయాణానికి ముందు రోజు మాత్రం పెట్టుకోకండి.

అపోహ: పైన ఆక్సిజన్ ఉండదు. కర్పూరం వాసన చూస్తే సరిపోతుంది.

గాలిలో ఆక్సిజన్ పాలు పైనా కిందా ఒకటే, 21 శాతం. తగ్గేది గాలి ఒత్తిడి. గుల్‌మార్గ్ సుమారు 2,650 మీటర్ల ఎత్తు, కొంగ్‌దూరి 3,080 దాకా, అఫర్వత్ స్టేషన్ 3,950 దగ్గర. అక్కడ ఒత్తిడి సముద్రమట్టంలో ఉండే దాంట్లో 60 శాతం చిల్లర. అంటే ఒక్కో శ్వాసకి అందే ఆక్సిజన్ ఆ మేరకి తక్కువ. కర్పూరం ముక్కుని చల్లబరుస్తుంది, అంతే. రక్తంలోకి ఒక్క చుక్క ఆక్సిజన్ కూడా ఎక్కించదు. రుమాల్లో కర్పూరం మూట కట్టుకుని, దాన్నే నమ్ముకుని మంచులో పరుగులు తీసినవాళ్ళు పది నిమిషాల్లో కళ్ళు తిరిగి కూర్చోవడం చూశాను.

పైన గంటో గంటన్నరో ఉండి దిగేసేవాళ్ళలో ఎక్కువమందికి పెద్దగా ఏమీ కాదు. ఆయాసం, కొంచెం తలనొప్పి. నెమ్మదిగా నడవండి, నీళ్ళు తాగండి, ఖాళీ కడుపుతో వెళ్ళకండి. ఆయాసం కూర్చున్నా తగ్గకపోతే, వాంతి వచ్చినా, మాట తడబడినా అక్కడే ఉండి చూద్దామనుకోవద్దు. వెంటనే దిగాలి. కిందికి రావడమే మందు. గుండె జబ్బు, ఊపిరితిత్తుల సమస్య, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్ళు, గర్భిణులు బయల్దేరేముందే డాక్టర్‌ని అడిగి నిర్ణయించుకోండి. నన్ను అడిగితే నేను ఫేజ్ వన్ దాకా చాలంటాను.

ఆ మాట అనగానే "ఫేజ్ వన్ వేస్ట్ అంట కదా" అంటారు. ఎవరన్నారో! కొంగ్‌దూరిలో మైదానం ఉంది, కూర్చోవడానికి చోటుంది, వేడి కహ్వా (కాశ్మీరీ టీ), మ్యాగీ దొరుకుతాయి, మంచు ఉన్న నెలల్లో పిల్లలు ఆడుకోవడానికి పైన కంటే అక్కడే హాయి. అయితే మంచు నెల చూసుకుని రండి. సంక్రాంతి సెలవులకి మామూలుగా గుల్‌మార్గ్ మొత్తం తెల్లగా ఉంటుంది. వేసవి సెలవులకి కింద పచ్చిక, పైన అఫర్వత్‌లో మంచు. దసరాకి వచ్చేవాళ్ళు మంచు మీద ఆశ పెట్టుకోవద్దు, కొండలు గోధుమ రంగులో ఉంటాయి. అదీ అందమే.

నంగా పర్బత్ కనిపిస్తుందా అంటే, మబ్బు లేని ఉదయం అదృష్టం ఉంటే అఫర్వత్ నుంచి కనిపిస్తుంది. 8,126 మీటర్ల కొండ, దూరంగా విడిగా తెల్లగా నిలబడి ఉంటుంది. నియంత్రణ రేఖ ఆ వైపు దగ్గరే. కానీ అక్కడ గీత గీసినట్టు చూపిస్తానని డబ్బు అడిగేవాళ్ళ వెంట వెళ్ళకండి. సైన్యం వద్దన్న చోటికి అసలే వద్దు.

అపోహ: మధ్యలో ఆగిందంటే ఏదో తెగినట్టే.

ఇది అడిగేవాళ్ళ మీద నాకు విసుగు ఉండదు. భయం నిజం. తీగ మీద వేలాడుతున్నామంటే ఎవరికైనా గుండె దడదడలాడుతుంది. అందుకే అది ఎలా పనిచేస్తుందో చెప్తాను.

ఈ గండోలా ఫ్రాన్స్‌కి చెందిన పోమగాల్స్కీ కంపెనీ కట్టింది. ఫేజ్ వన్ 1998లో, ఫేజ్ టూ 2005లో మొదలయ్యాయి. ఉక్కు తీగలు పేనిన మందపాటి తాడు ఒకటి ఆగకుండా తిరుగుతూ ఉంటుంది. ఆరుగురు కూర్చునే క్యాబిన్ దాన్ని ఒక బిగింపుతో పట్టుకుని వెళ్తుంది. స్టేషన్లోకి రాగానే ఆ బిగింపు తాడుని వదిలేస్తుంది, క్యాబిన్ వరసగా ఉన్న చిన్న టైర్ల మీద మెల్లగా కదులుతుంది. మీరు ఎక్కేదీ దిగేదీ అప్పుడే. మామూలుగా అది పూర్తిగా ఆగదు. ఎక్కేటప్పుడు ఎవరైనా తడబడితే, పెద్దాయన ఒకరు నిదానంగా దిగుతుంటే ఆపరేటర్ మొత్తం లైన్‌ని ఆపుతాడు. అప్పుడు పైన మధ్యలో ఉన్న మీరు కూడా ఆగుతారు, కొంచెం ఊగుతారు. ఎక్కువసార్లు ఆగేది ఇందుకే. కరెంటు పోతే లైన్‌ని తిప్పి జనాన్ని దించడానికి డీజిల్ ఇంజన్ ఉంటుంది.

స్తంభాల దగ్గర టకటకమని చప్పుడు, చిన్న కుదుపు వస్తాయి. తాడుని మోసే కప్పీల మీదుగా బిగింపు దాటేటప్పుడు వచ్చేది అది. అక్కడే చాలామంది కళ్ళు మూసుకుంటారు.

పోయినేడు నరసరావుపేట నుంచి ఒక అత్తగారు మా గ్రూప్‌లో వచ్చారు, అరవై దాటిన మనిషి. కోడలు ఎంత బతిమాలినా "మీరెళ్ళి రండమ్మా, నేను ఇక్కడ కూర్చుంటా" అని స్టేషన్ మెట్ల మీదే ఉండిపోయారు. నేను ఆమె పక్కన కూర్చుని పైన రాసిందంతా చెప్పాను. బిగింపు అంటే ఏంటో అర్థం కావడానికి బట్టలారేసే తీగకి పెట్టే క్లిప్పుని గుర్తుచేశాను. "అయితే తీగ కదుల్తుంది, క్లిప్పు పట్టుకునుంటుంది" అన్నారామె. అవునన్నాను. కాసేపు వచ్చేపోయే క్యాబిన్లనే చూసి, చెప్పులు వదిలి గమ్‌బూట్లు వేసుకున్నారు.

ఎక్కాక నా చెయ్యి పట్టుకున్నారు. మొదటి స్తంభం దగ్గర టకటకమన్నప్పుడు గోళ్ళు దిగాయి. రెండో స్తంభం వచ్చేముందు ఆమే "ఇప్పుడు చప్పుడొస్తది" అన్నారు, వచ్చింది. మూడో దాని దగ్గర చెయ్యి వదిలేసి, అద్దానికి ముఖం ఆనించి కింద మంచులో కనిపిస్తున్న గొర్రెలకాపరుల మట్టి ఇళ్ళని చూస్తూ ఉన్నారు. కొంగ్‌దూరిలో కహ్వా తాగి తిరిగి ఎక్కేటప్పుడు కోడల్ని పక్కకి జరగమని, లోయ కనిపించే వైపు తనే కూర్చున్నారు.