ప్రార్థనకు పరీక్ష, పరీక్షకు పైకం

పాలంపేటలో 1213లో రామప్ప గుడి కట్టించిన రేచర్ల రుద్రుడికి కావలసింది పుణ్యం. కట్టినవారికి ఎదురైంది మాత్రం ఇంజనీరింగ్ చిక్కు: కింద నల్లరేగడి నేల, పైన మోయవలసిన శిఖరం. పునాదిలో ఇసుక నింపారు, శిఖరానికి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు కాల్చారు. భక్తితో వచ్చిన సొమ్ము విజ్ఞానానికి పనికిరావడం ఓరుగల్లు సీమకు కొత్త కాదు. కానీ ఆ దాత గుడి కట్టమన్నాడే తప్ప, మొక్కితే ఫలితం ఉంటుందో లేదో తేల్చమనలేదు. ఆ పనికి కూడా డబ్బిచ్చిన దాత మన కాలంలో ఒకాయన ఉన్నాడు.

జాన్ టెంపుల్టన్ (1912–2008) అమెరికాలోని టెనెసీలో పుట్టి షేర్ మార్కెట్లో గడించాడు. 1939లో ఐరోపాలో యుద్ధం మొదలవగానే అప్పు చేసి, డాలరు లోపు ధర పలుకుతున్న 104 కంపెనీల షేర్లు కొన్నాడు. అందులో 34 అప్పటికే దివాలా తీసినవి. చివరికి నాలుగు మాత్రమే చిత్తుకాగితాలయ్యాయి. ఎవరూ ముట్టుకోని సరుకు మీద అప్పుడు మొదలైన మోజే కాబోలు, తర్వాత శాస్త్రవేత్తలు ‘ఇది మా పని కాదు’ అని పక్కన పెట్టే ప్రశ్నల వైపు ఆయనను నడిపించింది. 1972లో తన పేరున, ఆధ్యాత్మిక కృషికి నెలకొల్పిన బహుమతి సొమ్ము నోబెల్‌కు మించి ఉండాలని పట్టుబట్టాడు. మరుసటి ఏడు అది మదర్ థెరిసాకు, 1975లో మన సర్వేపల్లి రాధాకృష్ణన్‌కు, తర్వాత ఫ్రీమన్ డైసన్, మార్టిన్ రీస్ వంటి శాస్త్రవేత్తలకు దక్కింది. 1987లో అలాంటి ప్రశ్నల పరిశోధనకు సొమ్మిచ్చే ఆయన ఫౌండేషన్ వచ్చింది. 2016లో హార్వర్డ్‌లో మొదలైన కృష్ణబిలాల పరిశోధన కేంద్రానికీ ఆ సాయం అందింది.

కృష్ణబిలాలకు డబ్బిస్తే ఎవరూ నొచ్చుకోరు. అసలు గొడవ ప్రార్థన దగ్గర వస్తుంది. ఈ ఫౌండేషన్ ఇచ్చిన 24 లక్షల డాలర్లతో వైద్యుడు హెర్బర్ట్ బెన్సన్ బృందం గుండె బైపాస్ ఆపరేషన్ చేయించుకునే 1,802 మందిని మూడు గుంపులు చేసింది. మొదటి రెండు గుంపులకు ‘మీ కోసం ప్రార్థన చేయవచ్చు, చేయకపోవచ్చు’ అని చెప్పి, ఒక గుంపు కోసమే చేయించారు. మూడో గుంపుకు తప్పకుండా చేస్తామని చెప్పి మరీ చేయించారు. ప్రార్థించింది ముక్కూమొహం తెలియని క్రైస్తవ బృందాలు. వారి చేతికి వెళ్లింది రోగి పేరు, ఇంటిపేరులో మొదటి అక్షరం, అంతే. ఆపరేషన్ ముందు రాత్రి మొదలుపెట్టి 14 రోజులు ప్రార్థించారు.

2006లో ఫలితం అచ్చయింది. తెలియకుండా ప్రార్థన అందుకున్నవారిలో 52 శాతం మందికి, అందనివారిలో 51 శాతం మందికి ఆపరేషన్ తర్వాత ఏదో ఒక చిక్కు ఎదురైంది. ప్రార్థిస్తున్నారని తెలిసినవారిలో అది 59 శాతం! ‘దేవుణ్ణి పిలవాల్సినంత ముదిరిందా నా జబ్బు’ అని కంగారుపడి ఉంటారని ఒక ఊహ. ఆ తేడా కాకతాళీయం కావచ్చని కూడా పరిశోధకులు అన్నారు. ఏదేమైనా దాత కోరుకున్న జవాబు ఇది కాదు. అయినా దాచలేదు. అది చిన్న విషయమేమీ కాదు.

భౌతిక శాస్త్రవేత్త షాన్ కారల్ ఈ ఫౌండేషన్ సొమ్ము ముట్టనంటాడు. సైన్సూ మతమూ ఒకే బాటలో నడుస్తున్నాయన్న భ్రమకు తన పేరు అండ కారాదని ఆయన వాదన. ఆ జంకులో న్యాయం ఉంది. కానీ దీని సోదర సంస్థ సొమ్ముతో చైతన్యం మీద, అంటే మెదడులో స్పృహ ఎలా కలుగుతుందన్న దాని మీద, జరిగిన పని చూస్తే నాకు ముచ్చటేస్తుంది. పోటీపడే రెండు సిద్ధాంతాల వారు ఏం జరిగితే తమ మాట తప్పో ముందే రాసిచ్చారు. తర్వాత 256 మంది మెదళ్లను పరీక్షించారు. 2025లో ‘నేచర్’లో వచ్చిన ఫలితం రెండింటికీ ఎంతో కొంత ఎదురుదెబ్బే. ఇలాంటి పరీక్షకు ముందుకొచ్చే పండితులు ఎక్కడైనా అరుదు.

జవాబును ఎవరూ కొనలేదు, సరే. ప్రశ్న రాసింది మాత్రం దాత ఎరిగిన లోకమే. వరంగల్‌లో ఒక ఇంటి మనిషి ఆపరేషన్‌కు వెళ్తే, ఆసుపత్రి వరండాలో అతని తల్లి సమ్మక్కకు మొక్కుతుంది: కొడుకు లేచి తిరిగితే మేడారంలో నిలువెత్తు బంగారం, అంటే వాడి బరువుకు సరితూగే బెల్లం ఇస్తానని. ఇక్కడ మొక్కేది పరాయివారు కాదు. ఆ సంగతి రోగికి తెలుస్తుంది కూడా. కోలుకున్నాక తీర్చవలసిన బాకీ ఒకటి మిగులుతుంది. బెన్సన్ పట్టికలో దీనికి గడి లేదు. ‘నీ పేరున మొక్కుకున్నాం బిడ్డా’ అన్న మాట విన్న మనిషి అమెరికా రోగిలా కంగారుపడతాడా, ఆ రాత్రి నిబ్బరంగా నిద్రపోతాడా? సమ్మక్క మహిమను అది తేల్చదు. రక్తపోటు, నిద్ర, నొప్పి మాత్రలు రాసిపెట్టే నర్సులు, రోగుల సమ్మతి, ఓపికగా లెక్కలు చూసే వైద్యుడు ఉంటే, ఆ రాత్రి రోగి ఎలా ఉన్నాడో మాత్రం తేలుతుంది.