కట్లపాము కాటు నొప్పి పెట్టదు

పల్లెల్లో పాము భయమంటే ముందు గుర్తొచ్చేది నాగుపామే. కానీ అది పడగ విప్పి దగ్గరికి రావద్దని చెబుతుంది. రక్తపింజరి కూడా కుక్కర్ ఆవిరి వదిలినట్టు గట్టిగా బుస కొడుతుంది. అలాంటి హెచ్చరికేమీ ఇవ్వని కట్లపామంటేనే నాకు ఎక్కువ భయం.

పగలు ఎలుక బొరియల్లో, ఇటుకల గుట్టల్లో దాక్కుని, రాత్రి వేటకు బయల్దేరుతుంది. అలా తిరుగుతూ ఇంట్లోకి వచ్చి, నేల మీద పడుకున్నవాళ్ల పక్కలోకి చేరుతుంది. మనిషి అటూ ఇటూ దొర్లితే కరుస్తుంది. కోరలు చిన్నవి. గాటు సరిగా కనిపించదు, వాపు పెద్దగా రాదు, నొప్పి దాదాపు ఉండదు. కొందరికి మెలకువ కూడా రాదు. తెల్లవారేసరికి కడుపునొప్పి, వాంతులు. కాసేపటికి రెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది. నరాల నుంచి కండరాలకు అందాల్సిన సంకేతాన్ని విషం ఆపేస్తుంది, చివరికి ఊపిరి తీసే కండరాలూ పనిచేయవు. వానాకాలంలో కింద పడుకుని లేచినవాళ్లకు ఇలా అయితే గ్యాస్ నొప్పి అనుకుని ఆగకండి.

నిగనిగలాడే నల్లటి ఒంటిమీద సన్నటి తెల్ల కట్లు, చాలాసార్లు జంటలుగా ఉంటాయి. తల వైపు అవి మసగ్గా ఉండి, తోక వైపు స్పష్టమవుతాయి. దీన్ని పోలిన విషం లేని పాముకు ఇది తిరగబడి, చారలు తల వైపే బాగా కనిపిస్తాయి. రక్తపింజరిది లావుపాటి ఒళ్లు, వీపు మీద మూడు వరుసల గొలుసు మచ్చలు. మెట్ట నేలల్లో తిరిగే చిన్న పింజరి మూరెడే ఉంటుంది, పొలుసులు రాపాడించి కరకరలాడిస్తుంది. పాపం జెర్రిపోతు, ఎలుకల్ని తిని రైతుకు మేలు చేస్తూ, నాగుపామనుకుని కొట్టేవాళ్ల చేతిలో చస్తోంది.

ఈ గుర్తులన్నీ దూరం నుంచి చూడటానికే. కరిచిన పామును చంపి ఆసుపత్రికి తేనక్కర్లేదు, మన దగ్గర దొరికే విరుగుడు ఇంజెక్షన్ నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి నాలుగింటికీ ఒక్కటే. డాక్టర్లు లక్షణాలు చూస్తారు, రక్తాన్ని గాజు గొట్టంలో 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. గడ్డ కట్టకపోతే పింజరి విషమని అనుమానిస్తారు.

2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని ఒక అంచనా. మరణాలు ఎక్కువున్న రాష్ట్రాల్లో మన తెలుగు నేలా ఉంది. అయినా మంత్రం మీద నమ్మకం పోలేదు. దానికి కారణముంది. కరిచే పాముల్లో చాలావాటికి విషమే ఉండదు, విషపాము కూడా ఒక్కోసారి విషం వదలకుండా కరుస్తుంది. ఆ మనిషి ఎలాగూ బతుకుతాడు, పేరు మాత్రం మంత్రగాడికి వస్తుంది. నిజంగా విషం ఎక్కినవాడికి అక్కడ పోయిన గంటే ప్రాణం తీస్తుంది.

గట్టిగా తాడు కట్టొద్దు, కోయొద్దు, పసరు పూయొద్దు. ఉంగరాలు, కడియాలు తీసేసి, కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేయండి. రాత్రి బయటికెళితే టార్చి, పొలంలో బూట్లు, పడుకోవడానికి మంచం, అంచులు పరుపు కిందకు దోపిన దోమతెర. కట్లపాము కాటుకు ఊపిరి ఆగిపోయే స్థితికి వచ్చినవాళ్లు కూడా, సమయానికి వెంటిలేటర్ పెడితే, కొన్ని రోజుల్లో నరాల చివరలు కోలుకుని మళ్లీ సొంతంగా ఊపిరి తీసుకోగలుగుతారు.