కెప్టెన్ తప్పుకు కంపెనీ బాధ్యత లేదా? 1992లో ముట్టుకోని మినహాయింపు

2025 మే 25న కొచ్చి దగ్గర ఎంఎస్‌సీ ఎల్సా-3 ఓడ 600కు పైగా కంటైనర్లతో మునిగిపోయాక పాత గొడవ మళ్లీ రేగింది. సముద్రంలో పోయిన సరుకుకు ఓడ కంపెనీ ఎంతవరకు పూచీ? ఆ ఆగస్టులో పార్లమెంటు 1925 నాటి సముద్ర సరుకు రవాణా చట్టాన్ని తీసేసి కొత్తది తెచ్చింది. అయినా గొడవ తేలలేదు. ఎందుకు తేలలేదో తెలియాలంటే 1992 దగ్గరికి వెళ్లాలి.

ఓడ సరుకుపై 1924లో దేశాలు చేసుకున్న బ్రసెల్స్ ఒప్పందాన్ని బట్టి బ్రిటిష్ హయాంలో 1925 చట్టం వచ్చిన సంగతి అందరూ రాస్తున్నదే. అందులో మనకు కావాల్సింది ఒక్క నిబంధన. ఓడను నడపడంలో కెప్టెనో సిబ్బందో పొరపాటు చేసి సరుకు పోతే ఓడ యజమాని పరిహారం ఇవ్వక్కర్లేదు. డ్రైవర్ కునుకు తీసి లారీ బోల్తా పడితే ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ చేతులు దులుపుకోగలదా? సముద్రం మీద మాత్రం ఆ మాట చెల్లుతుంది.

సరుకును చూసుకోవడంలో నిర్లక్ష్యానికి ఈ రక్షణ లేదు. రిపేర్ల కోసం ఓడలో సరుకు గదుల పైమూతలు తెరిచి ఉంచితే వాన పడి తగరపు రేకులు పాడైన కేసులో బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానం ఆ సంగతే చెప్పింది. బయల్దేరేటప్పటికే ఓడ ప్రయాణానికి పనికిరాని స్థితిలో ఉందని, కంపెనీ తగిన జాగ్రత్త తీసుకోలేదని తేలినా బాధ్యత తప్పదు. కానీ అది తేల్చడానికి కావాల్సిన లాగ్‌బుక్కులు, రిపేరు రికార్డులు ఉండేది ఓడ కంపెనీ దగ్గరే కదా!

1978లో హాంబర్గ్ నిబంధనలు అనే అంతర్జాతీయ ఒప్పందం కెప్టెన్ తప్పుకున్న ఈ మినహాయింపును ఎత్తేసింది. సొంత ఓడలు తక్కువ, పంపే సరుకు ఎక్కువ ఉన్న దేశాల కోసం వచ్చిన మార్పు అది. మనదీ అలాంటి దేశమే, అయినా చేరలేదు.

కంటైనర్ల కోసం, ఓడ, రైలు, లారీ ప్రయాణాలను ఒకే కాంట్రాక్టు కిందికి తెచ్చే బహుళ రవాణా చట్టం 1992 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చినప్పుడు, దాంతోపాటే 1925 చట్టాన్నీ సవరించారు. ఒక్కో ప్యాకేజీకి పరిహారం 100 పౌండ్లన్న పరిమితి పోయి 666.67 ఎస్‌డీఆర్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కల యూనిట్), లేదా కిలోకు 2 ఎస్‌డీఆర్, ఏది ఎక్కువైతే అది వచ్చింది. డెక్ మీది సరుకును, పశువులను కూడా చట్టం కిందికి తెచ్చారు. దావాకు ఏడాది గడువు దాటినా కోర్టు ఇంకో మూడు నెలల దాకా ఇవ్వొచ్చన్నారు. కెప్టెన్ తప్పు నిబంధనను మాత్రం ముట్టుకోలేదు. డబ్బు లెక్క మార్చి, అసలు సూత్రాన్ని అలాగే ఉంచేశారు.

ఆ లెక్క మన ఎగుమతిదారుకు ఎలా పనిచేస్తుందో చూడండి. కిలోకు 2 ఎస్‌డీఆర్ అంటే 2025 మారకంలో సుమారు 240 రూపాయలు. కాకినాడ నుంచి వెళ్లే బియ్యానికి అది చాలు. రొయ్యలకు సగం కూడా రాదు. ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు, అంటే బిల్ ఆఫ్ లేడింగ్‌లో ఎన్ని కార్టన్లో రాసి ఉంటే ఒక్కో కార్టన్‌నూ ప్యాకేజీగా లెక్కేస్తారు, రొయ్యల ఎగుమతిదారు గట్టెక్కుతాడు. ఊరికే ‘ఒక కంటైనర్’ అని రాస్తే అంతా కలిపి ఒక్క ప్యాకేజీ! అయితే కెప్టెన్ తప్పని తేలితే రొయ్యలకైనా బియ్యానికైనా వచ్చేది సున్నా.

సరుకుకు ఎలాగూ బీమా ఉంటుంది, బాధ్యత పెంచితే కిరాయి పెరుగుతుంది అన్నది షిప్పింగ్ కంపెనీల వాదన. బీమా ప్రీమియం కట్టేది ఎవరో ఆ వాదనలో ఉండదు.

ఈ నిబంధనలన్నీ ఉండేది చట్టానికి జోడించిన షెడ్యూలులో. 2025 చట్టం పాత షెడ్యూలునే దాదాపుగా మోసుకొచ్చింది. ఆగస్టు 6న రాజ్యసభ బిల్లును ఆమోదించింది. కొత్తగా చేరిన ముఖ్యమైన అంశం, నోటిఫికేషన్‌తో షెడ్యూలును మార్చే అధికారం కేంద్రానికి ఇవ్వడం. పార్లమెంటు పనిని అధికారులకు అప్పగించడమేనన్న అభ్యంతరం సరైనదే. అయితే 1992లో వదిలేసిన పనిని ఇప్పుడు ఒక్క నోటిఫికేషన్‌తో చేయొచ్చు. ఆ కలం ఎటు కదులుతుందన్నదే సరుకు పంపేవాళ్ల టెన్షన్.

దిగుమతిదారుకు ఆ ఆశ కూడా లేదు. మన రేవుల్లో ఎక్కిన సరుకుకే ఈ చట్టం. జపాన్ నుంచి వచ్చిన సరుకు కేసులో 2008లో సుప్రీంకోర్టు పాత చట్టం గురించి ఇదే చెప్పింది, కొత్త చట్టమూ ఆ గీత దాటలేదు. ఆఫ్రికా నుంచి పలాసకు జీడిగింజలు తెప్పించుకునే వ్యాపారి, సరుకు పోతే ముందుగా చూసుకోవాల్సింది తన బిల్ ఆఫ్ లేడింగ్‌లో ఏ దేశపు చట్టం, ఏ దేశపు కోర్టు రాసి ఉందో.