గ్రాహకాలకు పడే పీటముడి: ట్రాన్స్‌గ్లూటమినేజ్ ఎంజైమ్ నేపథ్యం

నాడీకణం పొరపై ఉండే గ్రాహక ప్రొటీన్లు సంకేతాలను అందుకోవడం మానేస్తే, ఆ కణం చనిపోకముందే చెవిటిదవుతుంది. ఆల్జీమర్స్ వ్యాధిలో ఇలా జరగడానికి కాల్షియం ఉంటే తప్ప పనిచేయని ట్రాన్స్‌గ్లూటమినేజ్ అనే ఎంజైమ్ ఒక కారణమని 2009లో ఒక పరిశోధక బృందం వాదించింది. అయితే ఈ వాదన మూలాలు మెదడులో కాదు, రక్తపు గడ్డలో ఉన్నాయి.

రక్తపు గడ్డకు పోగుల్లాంటి అల్లికనిచ్చే ప్రొటీన్ ఫైబ్రిన్. శుద్ధి చేసిన ఫైబ్రిన్ గడ్డ గాఢ యూరియా ద్రావణంలో కరిగిపోతుంది. రక్తరసంలోని ఒక పదార్థం, దానితో పాటు కాల్షియం ఉన్నప్పుడు ఏర్పడిన గడ్డ మాత్రం కరగదు. ఈ తేడాను 1948లో హంగేరీకి చెందిన కాల్మన్ లాకి, లాస్లో లోరాండ్ గుర్తించారు. ఆ పదార్థాన్నే నేడు పదమూడో గడ్డకట్టే కారకం అంటున్నాం. 1957లో న్యూయార్క్‌లో సర్కార్, క్లార్క్, హైన్రిక్ వేల్ష్ గినీపిగ్ కాలేయంలో, ఎమీన్లనే నత్రజని సమ్మేళనాలను ప్రొటీన్లకు అతికించే మరో ఎంజైమ్‌ను కనుగొన్నారు. ఆ దశాబ్దం ముగిసేలోగా దానికి ట్రాన్స్‌గ్లూటమినేజ్ అనే పేరు స్థిరపడింది. వేల్ష్ నాడీ రసాయన శాస్త్రజ్ఞుడు కావడం, ఈ ఎంజైమ్ కథ చివరకు మెదడుకే చేరడం చూస్తే కొంత ఆశ్చర్యం కలుగుతుంది.

ఈ రెండు ఎంజైములూ ఒకే కుటుంబానివి, వాటి పనీ ఒకటే. ఒక ప్రొటీన్‌లోని గ్లూటమిన్ అమైనో ఆమ్లపు కొనను మరో ప్రొటీన్‌లోని లైసిన్ కొనతో కలుపుతాయి, ఆ క్రమంలో ఒక అమోనియా అణువు వెలువడుతుంది. గడ్డలో ఈ బంధం ఉందని 1968లో నిర్ధారణ అయింది. మామూలు జీర్ణ ఎంజైములు ప్రొటీన్ గొలుసు వెన్నును తెంపగలవు గాని, పక్క కొనల మధ్య పడిన ఈ ముడిని విప్పలేవు. అందుకే దీన్ని పీటముడి అనడం సరిగ్గా సరిపోతుంది.

ఇంత మొండి ముడి వేసే ఎంజైమ్ కణం లోపల ఊరికే తిరుగుతుంటే ప్రమాదం. అందుకు కళ్లెం కాల్షియమే. కణరసంలో కాల్షియం అయాన్ల గాఢత, కణం బయట ఉన్నదానిలో దాదాపు పదివేల వంతు మాత్రమే. పైగా కణంలో శక్తిని మోసే జీటీపీ అనే అణువు మెదడులోనూ ఉండే రెండో రకం ట్రాన్స్‌గ్లూటమినేజ్‌కు అంటుకుని దాన్ని ముడి వేయలేని, ముడుచుకున్న రూపంలో ఉంచుతుంది. ఈ ప్రొటీనే జీటీపీని పట్టుకుని గ్రాహకాల సంకేతాలను కూడా మోస్తుందని 1994లో తేలింది. ముడుచుకున్న రూపపు స్ఫటిక నిర్మాణం 2002లోనూ, విచ్చుకున్న రూపానిది 2007లోనూ వెలువడ్డాయి. నాడీకణాలను ఉత్తేజపరిచే గ్లూటమేట్ అనే రసాయనం మితిమీరి నాడీకణంలోకి కాల్షియం వరదలా వచ్చినప్పుడో, కణపు శక్తి నిల్వలు తరిగినప్పుడో ఈ కళ్లెం సడలుతుందన్నది సాధారణ అవగాహన.

మెదడు ఎంజైమ్ నాడీతంతువుల ప్రొటీన్లను కరగని ముద్దలుగా మార్చగలదని 1982లో ఆల్జీమర్స్ పరిశోధకుడు సెల్కో బృందం పరీక్షనాళికలో చూపింది. 1993లో హంటింగ్టన్ అనే వంశపారంపర్య మెదడు వ్యాధి జన్యువు దొరికి, దాని ప్రొటీన్‌లో ఈ ఎంజైమ్ ముడివేసే గ్లూటమిన్ల వరుస అతిగా పొడవుగా ఉందని తెలిసేసరికి, మెదడు వ్యాధుల్లో ఈ ఎంజైమ్ పాత్రపై అనుమానం మరింత బలపడింది. కాని ఎలుకలపై చేసిన ప్రయోగాలు ఒకే మాట చెప్పలేదు. 2002లో ఈ ఎంజైమ్ జన్యువును తొలగించిన హంటింగ్టన్ ఎలుకలు ఎక్కువ కాలం బతికాయి, అయితే వాటి మెదడులో ముద్దలు తగ్గకపోగా పెరిగాయి. 2014లో వేరే ఎలుకల నమూనాలలో అదే తొలగింపు ఏ మేలూ చేయలేదు.

గ్రాహకాల విషయానికి వస్తే, ఉర్సులా క్విట్టరర్, సయీద్ అబ్దల్లా బృందం పరిశోధనలు కీలకం. రక్తపోటును పెంచే యాంజియోటెన్సిన్ హార్మోన్‌కు ఉన్న మొదటి రకం గ్రాహకాలను పదమూడో కారకం జంటలుగా ముడివేస్తుందని, ఆ జంటలు తెల్లరక్తకణాల్లో ఒకటైన మోనోసైట్లలో సంకేతాన్ని మరింత పెంచుతాయని వారు 2004లో ప్రకటించారు. 2009లో రెండో రకం గ్రాహకాలపై చేసిన పనిలో ఇందుకు భిన్నమైన ఫలితం వచ్చింది. ఆల్జీమర్స్‌లో మెదడులో పేరుకునే ఎమిలాయిడ్ బీటా అనే ప్రొటీన్ ముక్క ప్రభావంతో ఆ గ్రాహకాలు మొదట ఆక్సీకరణ వల్ల జంటలై, తర్వాత ట్రాన్స్‌గ్లూటమినేజ్ వల్ల గుంపులుగా అతుక్కుంటాయి. ఆ గుంపులు జీక్యూ అనే సంకేతవాహక ప్రొటీన్‌ను తమ దగ్గరే బంధించి ఉంచడంతో, జ్ఞాపకశక్తికి అవసరమైన ఎసిటైల్‌కోలిన్ అనే నాడీ రసాయనాన్ని అందుకునే మస్కరినిక్ గ్రాహకానికి సంకేతాన్ని లోపలికి పంపే సహాయకుడే లేకుండా పోతాడు. అంటే ముడి పడింది ఒక గ్రాహకానికి, మూగబోయింది పక్కదానికి.

ముడి పడినంత మాత్రాన గ్రాహకం నిష్క్రియమవుతుందని చెప్పలేమన్నది ఈ రెండు ఫలితాలను పక్కపక్కన పెడితే తెలుస్తుంది. ఇవి ఒకే బృందం నుంచి వచ్చాయన్నదీ గుర్తుంచుకోవాలి. ఇక ఎంజైమ్‌ను మందుతో ఆపాలన్న ఆలోచనకు ఒక చిక్కుంది. ఈ కుటుంబం మొత్తాన్నీ అణచివేసే మందు పదమూడో కారకాన్నీ ఆపుతుంది. ఆ కారకం పుట్టుకతోనే లోపించిన వారిలో అత్యంత భయంకరమైన ప్రమాదం మెదడులో రక్తస్రావమే.